మావయ్య తరఫున

కాటాలు బాగుచేసేవాళ్లలో ముల్లు మావయ్య లాంటివాడు మళ్లీ పుట్టలేదు, పుడతాడన్న ఆశా లేదు. ఆయన సరిచేసిన కాటా మీద ఈగ వాలితే ముల్లు కదిలేది. వాలుదామా వద్దా అని ఈగ పైన తచ్చాడుతున్నా కదిలేది. ఒకసారి ఒక బట్టల వ్యాపారి ఆ కాటా పక్కన నిలబడి అబద్ధమాడితే ముల్లు వెనక్కి తిరిగిందని ఎదురు షాపు బోల్టు బాబాయ్ ఇప్పటికీ చెబుతాడు. బోల్టు బాబాయ్ మాటల్లో సగం తీసేసి, మిగిలినదాంట్లో సగమే నమ్మాలి. అయినా ఈగ సంగతి మాత్రం నిజం.

ముందు వైపు షాపు, వెనక రెండు గదులు. గోడలకి స్ప్రింగు కాటాలు గబ్బిలాల్లా వేలాడేవి. బల్ల మీద పళ్లేల కాటాలు. గుమ్మం పక్కన మాత్రం బస్తాలు తూచే పెద్ద కాటా, మనిషి ఎక్కి నిలబడేంతది, గోడగడియారమంత గుండ్రటి ముఖంతో ఉండేది. ఏ కాటా బాగుచేసినా చివర్లో మావయ్య ఒక మాట అనేవాడు. "ముల్లు అబద్ధం చెప్పకూడదు. మనిషి చెప్పుకోవచ్చు, నోరుంది కాబట్టి."

ఆ షాపులో ఆయనతో ఉండేది అమ్మడు. ఆయన భార్యకి అన్న కూతురు. చిన్నప్పుడే అమ్మానాన్నా పోతే మేనత్త తెచ్చుకుని పెంచింది. తర్వాత మేనత్త కూడా పోయింది. పిల్లల్లేని మావయ్యకి అమ్మడే కూతురు, పనిమంతురాలు, పోట్లాడుకోవడానికి తోడు. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక స్ప్రింగులు ఆమే బిగించేది, ఆయన పక్కన కూర్చుని తప్పులు పట్టేవాడు. తప్పులు లేనిరోజు ఆయనకి అన్నం సహించేది కాదు.

చేయి వణికితే సంతకం కుదరదు కదా. అందుకని సైకిలు షాపు మేడ మీద ఉండే ప్లీడరమ్మ దగ్గరికెళ్లి, ఆయన అమ్మడి పేరున పవరాఫ్ అటార్నీ రాయించాడు. అప్పట్నించీ షాపు కాగితాల మీద అమ్మడే "మావయ్య తరఫున" అని సంతకం పెట్టేది. ఆరోజే ప్లీడరమ్మ తుమ్ముతూ ఒక మాట చెప్పింది. ఆవిడకి ఏడాది పొడుగునా జలుబే.

"పవరంటే చెయ్యి లాంటిది మావయ్యగారూ. మీరున్నంతకాలమే మీ చెయ్యి పనిచేస్తుంది. మీరు పోయిన క్షణం అదీ పోతుంది. విల్లు అలా కాదు. మీరున్నన్నాళ్లూ పెట్టెలో పడుకుంటుంది. మీరు పోయాక లేచి నడుస్తుంది."

"అదే నాకు నచ్చంది. నేనెప్పుడు పోతానా అని పెట్టెలో ఒకటి పడుకుని చూస్తుంటే నాకు నిద్రెలా పడుతుందమ్మా?"

"పోనీ షాపు ఇప్పుడే అమ్మడికి గిఫ్టు కింద రాసెయ్యండి. బతికున్నంతకాలం మీరే ఉండి, మీరే అనుభవించేలా హక్కు మీ దగ్గరే పెట్టుకోవచ్చు."

"నా ఇంట్లో నేనే చుట్టాన్నవ్వాలా? బ్యాంకులో నామినీ అని దీని పేరు పెట్టాగా. పవరూ ఇచ్చాగా. ఇంకేం కావాలి?"

"నామినీ అంటే గుమ్మంలో నిలబడి అందుకునే మనిషంతే. అందుకున్నది అసలు వారసులకి అప్పజెప్పాల్సిందే."

అమ్మడు అప్పటిదాకా గోడమీద బల్లిని చూస్తోంది. "విల్లు రాయకపోతే ఏమవుతుందండీ?" అంది.

ప్లీడరమ్మ ముక్కు తుడుచుకుంది. "చట్టం రక్తం చూస్తుంది తల్లీ. పెంపకం చూడదు. దత్తత కాగితం లేదు. నువ్వు ఆయన భార్య తరఫుదానివి. ఆయన తమ్ముడి కొడుకున్నాడుగా, బస్సు డ్రైవరు. షాపూ గదులూ అన్నీ అతనివే."

ఆ డ్రైవరుతో మావయ్యకి మాటల్లేవు. ఎందుకు లేవో ఇద్దరికీ గుర్తులేదు. గుర్తుంటే ఎప్పుడో కలిసిపోయేవాళ్లు.

"సరే, రాస్తాలే. ఏం కావాలి దానికి?"

"మీ తెలివి మీ దగ్గర ఉండాలి. ఇద్దరు సాక్షులు కావాలి. ఆ విల్లులో చిల్లిగవ్వ కూడా రానివాళ్లయితే మంచిది."

"బోల్టుగాడున్నాడు. వాడికి ఈ జన్మలో నేను ఏదీ ఇచ్చింది లేదు. రేపొచ్చి రాయిస్తా."

ఆ రేపు రాలేదు. మర్నాడు వాన. తర్వాత మావయ్యకి పని. తర్వాత ఊరికే బద్ధకం. అమ్మడు గుర్తు చేస్తే, "ఏంటే, నన్ను పంపెయ్యడానికి తొందరా?" అనేవాడు. ఆ మాట విన్నాక ఎవరు మళ్లీ అడుగుతారు?

ఒకరోజు పొద్దున్న, ఎండ గుమ్మం దాటి బల్లదాకా వచ్చిన వేళ, మావయ్య కుర్చీలో కూర్చుని ఒక చిన్న స్ప్రింగుని పట్టకారుతో పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉండిపోయాడు. అమ్మడు వెళ్లి చేయి ముట్టుకుంది. ఇనుప గుండు ముట్టుకున్నట్టుంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి లేదు. ఆమె నోరు తెరిచి ఏడవబోయింది. సరిగ్గా అప్పుడే పిండి మిల్లు గుమాస్తా చెప్పులు టపటపలాడిస్తూ లోపలికి వచ్చాడు.

"మా మిల్లు కాటాలన్నీ ఈ ఏడాది మీరే చూసుకోవాలని యజమాని కాగితం పంపించాడమ్మా. పెద్దాయన సంతకం పెడితే వెళ్తా. ఏంటి, కునుకా?"

అమ్మడికి ఆ క్షణంలో కళ్ల ముందు చాలా కనబడ్డాయి. గుమ్మానికి డ్రైవరు వేసిన కొత్త తాళం. వీధిలో తన ట్రంకు పెట్టె. దాని మీద కూర్చున్న తను. ఏడుపుని మింగేసింది.

"కునుకేనండి. ఇలా ఇవ్వండి, నాకు పవరుంది."

'మావయ్య తరఫున' అని రాసి సంతకం పెట్టింది. కలం ఎత్తింది.

వెనకాల కుర్చీ కిర్రుమంది. "అమ్మడూ, ఆ పళ్లేలు తుడిచావా?"

గుమాస్తా నవ్వి, దండం పెట్టి వెళ్లిపోయాడు. అమ్మడు వెనక్కి తిరగడానికి చాలాసేపు పట్టింది. తిరిగేసరికి మావయ్య స్ప్రింగుని బిగిస్తున్నాడు. చేయి వణకడం లేదు.

మొదట్లో ఆమెకి సంతోషమే. తనే పొరపాటు పడి ఉంటుంది, ఏదో మూర్ఛ అయ్యుంటుంది అనుకుంది. మావయ్య అన్నం ముద్ద కలిపేవాడు, కలుపుతూనే ఉండేవాడు, కంచంలో తగ్గేది కాదు. కళ్లజోడు తుడవడానికి అద్దం మీద హా అని ఊదితే ఆవిరి పట్టేది కాదు. ఆయన నిద్రపోవడం ఆమె చూడలేదు. మధ్యాహ్నం పడుకుని లేచి చూస్తే ఆయన ఎలా కూర్చున్నాడో అలాగే, రెప్ప వెయ్యకుండా, గోడనున్న కాటాలని చూస్తూ ఉండేవాడు. ఆ కాటాల ముళ్లన్నీ ఆయన వైపు తిరిగి ఉండేవి.

ఇంకొకటి కూడా కనిపెట్టింది. కాగితాలేవీ రాని రోజున సాయంత్రానికి ఆయన మెడ వాలిపోయేది. దవడ జారేది. ఇనుప చల్లదనం మళ్లీ చేతుల్లోంచి పైకి పాకేది. అప్పుడామె పరుగెత్తి ఏదో ఒక రసీదు తీసి "మావయ్య తరఫున" అని సంతకం పెట్టేది. మెడ లేచేది. "ఆ, ఏమంటున్నాను?" అనేవాడు, ఏమీ అనకపోయినా.

దాంతో ఆమె సంతకం పెట్టడానికి వెతుక్కునే స్థితికి వచ్చింది. పాల ప్యాకెట్ల చీటీ మీద కూడా పెట్టింది. పోస్టుమాను ఉత్తరం ఇస్తే, సంతకం అక్కర్లేదని అతను మొత్తుకుంటున్నా పెట్టింది.

అదేసమయంలో అమ్మడికి ఒళ్లు బరువెక్కడం మొదలైంది. నడిస్తే వెనక గదిలో గిన్నెలు గలగలలాడేవి. ఒకరోజు ఆమె బోల్టు బాబాయ్ షాపు ముందున్న స్టూలు మీద కూర్చుంటే స్టూలు నాలుగు కాళ్లూ నాలుగు వైపులా వాలిపోయాయి.

"ఏంటే అమ్మడూ, పుల్లలా ఉన్నావు, స్టూలు ఎలా విరిగిందే? మీ మావయ్య తిండి కూడా నువ్వే తింటున్నావా?"

"నీ స్టూలే పుచ్చిపోయింది బాబాయ్."

"నా స్టూలు ఇనప్పది తల్లీ," అన్నాడు బోల్టు బాబాయ్. ఈసారి ఆయన నవ్వలేదు.

ఆ రోజే మావయ్య పెద్ద కాటాకి నూనె వేశాడు. పని పూర్తయ్యాక తనే ఎక్కి చూసుకోవడం ఆయన అలవాటు. ఎక్కి నిలబడ్డాడు. ముల్లు సున్నా దగ్గరే ఉంది. కదల్లేదు, కనీసం ఈగకి కదిలినట్టు కూడా కదల్లేదు. ఆయన ఒక్కసారి ఎగిరి దూకాడు. చప్పుడు కూడా రాలేదు.

"కాటా పాడైనట్టుందే," అన్నాడు మెల్లగా. "నువ్వెక్కు."

అమ్మడు ఎక్కింది. ముల్లు ఆమె బరువు దాటింది. ఆగుతుందనుకున్నచోట ఆగలేదు. ఆమె బరువూ, ఆయన బరువూ కలిస్తే ఎంతవుతుందో అక్కడికి వెళ్లి, ఒక్కసారి వణికి, నిలబడింది.

ఇద్దరూ ఆ ముల్లు వైపే చూశారు. వీధిలో ఎవరో అరటిపళ్లు అమ్ముకుంటూ పోతున్నారు.

"కాటా బాగానే ఉంది," అన్నాడు మావయ్య.

అమ్మడు ఆ మధ్యాహ్నమే ప్లీడరమ్మ మేడ ఎక్కింది. ఆమె ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే కింద సైకిలు షాపులో కట్టిన టైర్లు ఊగాయి. "నాకు తెలిసినావిడ సంగతండీ" అని మొదలుపెట్టింది. తెలిసినావిడ గురించి చెప్పే మాటలు ప్లీడర్లకి కొత్తా?

"ఒకావిడ మావయ్య పోయాక కూడా పవరు మీద సంతకాలు పెడుతోందండీ."

"చెల్లవు. మనిషితోటే పవరు పోతుంది."

"అది పోకపోతేనో? ఆవిడ పెడుతూనే ఉంటే?"

ప్లీడరమ్మకి తుమ్ము రాబోయి ఆగిపోయింది. "చచ్చినవాడి తరఫున ఎవరూ సంతకం పెట్టలేరు. అయినా సంతకం పడుతోందంటే, ఆ మనిషిని చావనివ్వడం లేదన్నమాట. నేను చదివిన పుస్తకాల్లో అంతవరకే ఉంది. ఆపైన ఏముందో రాసినవాళ్లకీ తెలీదు."

"అయితే ఆయన చేత ఇప్పుడు విల్లు రాయించొచ్చా? ఆయన మాట్లాడుతున్నాడు, నడుస్తున్నాడు."

"పవరు మీద నువ్వు రాయడానికి మాత్రం లేదు. ఎన్ని పనులైనా వేరేవాళ్ల చేత చేయించుకోవచ్చుగానీ విల్లు ఎవరిది వాళ్లే పెట్టుకోవాలి. ఆయన చేతే పెట్టించు. పెట్టగలిగితే."

మర్నాడు ప్లీడరమ్మ విల్లు రాసి పట్టుకుని వచ్చింది. షాపూ గదులూ అమ్మడికి. అన్నీ సరిగ్గా చేరేలా చూసే బాధ్యత, అంటే ఎగ్జిక్యూటరు పని, ప్లీడరమ్మకి. సాక్షులు బోల్టు బాబాయ్, పక్క సందులో టీ కొట్టు ఆయన. అందరూ బల్ల చుట్టూ నిలబడ్డారు. టీ కొట్టు ఆయన మావయ్యకి టీ గ్లాసు అందించి, వేళ్లు తగిలాయేమో, చేయి తువ్వాలుకి రుద్దుకుంటూ వెనక్కి జరిగాడు.

"ఇది మీ ఇష్టంతోనే పెడుతున్నారా మావయ్యగారూ?" అంది ప్లీడరమ్మ.

"ఇష్టంతోనేనమ్మా. ఎప్పుడో పెట్టాల్సింది."

కలం తీసుకున్నాడు. కాగితం మీద పెట్టి తన పేరు రాశాడు. గుండ్రంగా, తీరిగ్గా రాశాడు. చేయి ఎత్తాడు. కాగితం ఖాళీగా ఉంది.

"కలంలో సిరా లేదురా," అన్నాడు బోల్టు బాబాయ్, జేబులోంచి తన కలం తీసి. దాంతోనూ రాశాడు. గీత పడలేదు. కాగితం మీద నొక్కు కూడా లేదు. వేలిముద్ర వేద్దామని బొటనవేలికి సిరా పూశారు. వేలు కాగితానికి ఆనించి, రెండో చేత్తో అదిమి పట్టాడు. తీస్తే వేలి నిండా సిరా అలాగే ఉంది, కాగితానికి చుక్క అంటలేదు.

టీ కొట్టు ఆయన, "కొట్టు మీద పాలు పెట్టొచ్చానండీ" అని చెప్పి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

"బరువు లేని చెయ్యి గీత గియ్యదమ్మా," అన్నాడు మావయ్య. కలం మూతపెట్టి, ఎవరిది వాళ్లకిచ్చేశాడు. "బోల్టూ, నువ్వు కాసేపు షాపుకెళ్లరా. ప్లీడరమ్మా, మీరు ఉండండి."

బోల్టు బాబాయ్ గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "ఒరేయ్, నీకు నేను ఎప్పుడైనా ఏదైనా బాకీ ఉన్నానా?"

"ఉన్నావు. పో."

బోల్టు బాబాయ్ కళ్లు తుడుచుకుంటూ వెళ్లాడు.

మావయ్య కుర్చీ అమ్మడికి దగ్గరగా లాక్కున్నాడు. "చూడవే. విల్లు రాయకపోవడం నా తప్పు. పవరుంటే సరిపోతుందని నేననుకున్నాను, రేపు రేపని నిన్ను నమ్మించాను. తప్పు నాదైతే మోత నీదైంది. మెట్లెక్కలేకపోతున్నావు. రేపోమాపో ఈ నేల నిన్ను మొయ్యదు."

"నేను మోస్తాను. నాకేం బరువు లేదు."

"కాటా ముందు ఆ మాటనకు, ముల్లు వెనక్కి తిరుగుతుంది."

అమ్మడు నవ్వబోయి ఏడ్చింది. "నిన్ను వదిలేస్తే నేనెక్కడికి పోను మావయ్యా? డ్రైవరొచ్చి తాళం వేస్తాడు. నాకు ఈ షాపు తప్ప ఏం తెలుసు?"

"పోతుంది. షాపు పోతుంది. పోదని నేనేం చెప్పినా అది అబద్ధమే. కానీ అమ్మడూ, ఇటూ అటూ కాకుండా మధ్యలో ఉన్నచోట చాలా చలిగా ఉంది. నువ్వు సంతకం పెట్టినప్పుడల్లా గుమ్మం దాకా వెళ్లినవాణ్ణి జుట్టు పట్టి లాగినట్టు ఉంటుంది. నాకున్న జుట్టు నీకు తెలుసుగా."

ఆమె చెయ్యెత్తి ఆయన నున్నటి తల ఒకసారి నిమిరింది. తర్వాత లేచి వెళ్లి పవరు కాగితం తెచ్చింది.

"ఏం రాయాలండీ?" అంది ప్లీడరమ్మతో.

"ఈ పవరు నేను వదులుకుంటున్నానని రాసి, కింద సంతకం పెట్టు. తరఫున అని కాదు. నీది."

"నన్ను కాటా మీద కూర్చోబెట్టు," అన్నాడు మావయ్య. "నూనె వేసింది నేనే. ఎలా వచ్చిందో తెలియాలిగా."

కుర్చీ వద్దన్నాడు, దాని బరువు కలుస్తుందట. పెద్ద కాటా మీద మఠం వేసుకుని కూర్చుని, గోడకి ఆనుకున్నాడు. ముల్లు సున్నా దగ్గర ఉంది. అమ్మడు రాసింది. సంతకం దగ్గరికొచ్చేసరికి చెయ్యి తనంతట తను "మావయ్య" అని మొదలుపెట్టింది. కొట్టేసింది. మళ్లీ పెడితే మళ్లీ అదే వచ్చింది. తన సంతకం ఎలా ఉంటుందో ఆమెకి గుర్తు రావడం లేదు. మొదటి అక్షరం ఏ వైపు వంగుతుంది? చివర్లో గీత ఉందా, చుక్కా? మావయ్య కాటా మీద కూర్చుని, తప్పు పట్టడానికి ఎదురుచూసినట్టే చూస్తున్నాడు.

"బడిలో చేరినరోజు మీ అత్త నీ చేత పలక మీద పెట్టించింది చూడు," అన్నాడు. "తోక పొడుగ్గా పెట్టి, పలక దాటించేశావు."

తోక. అమ్మడు చేయి గాల్లో ఒకసారి తిప్పింది. కాగితం మీద దించింది. పొడుగాటి తోకతో ఆమె పేరు పడింది.

ఒళ్లంతా తేలికైపోయి, ఊగి బల్ల పట్టుకుంది. కాళ్ల కింద నేల నిట్టూర్చినట్టు కిర్రుమంది. కాటా ముల్లు సున్నా వదిలి లేచింది. తొందర లేకుండా, మెట్లెక్కుతున్న ముసలాయనలా పైకి వెళ్లింది. మావయ్య బతికినన్నాళ్లూ ఎంత బరువుండేవాడో అక్కడ ఆగింది. వణకలేదు. గోడలమీది కాటాల ముళ్లు ఒక్కొక్కటీ తమ తమ సున్నాల దగ్గరికి వెళ్లిపోయాయి. మావయ్య గోడకి ఆనుకునే ఉన్నాడు, ఈసారి కళ్లు మూసుకుని.

"సరిగ్గా ఉంది మావయ్యా," అంది అమ్మడు.

డాక్టరు వచ్చి నాడి చూసి, మావయ్య ముఖం చూసి, మళ్లీ నాడి చూసి, "ఈయన ఎప్పుడో పోయారే" అన్నాడు. అమ్మడు దాచలేదు. గుమాస్తా వచ్చిన రోజేదో చెప్పింది. ప్లీడరమ్మతో కలిసి మిల్లుకెళ్లి, ఆ కాగితం చెల్లదని చెప్పి వెనక్కి తీసుకుంది. గుమాస్తా మొదట నవ్వాడు. పెద్దాయన గొంతు తను విన్నరోజు గుర్తొచ్చి తర్వాత నవ్వలేదు. ఆ తర్వాత అతను కాటా షాపు ముందు నుంచి వెళ్లడం మానుకుని, చుట్టూ తిరిగి వెళ్లేవాడు.

డ్రైవరు వచ్చాడు. చెడ్డవాడేం కాదు. తలవంచుకుని తాళం చెవులు తీసుకున్నాడు. షాపు పరుపుల వాడికి ఇచ్చేస్తున్నానని చెప్పాడు, తనకి కాటాల పని రాదు కాబట్టి. "పెద్దకాటా మాత్రం నువ్వు పట్టుకెళ్లక్కా," అన్నాడు. "ఇందాక ఎక్కి చూశాను. నేను బస్సు నడిపేటప్పుడు ఎన్ని అబద్ధాలాడానో అన్నీ గుర్తొచ్చాయి."

అమ్మడు ఆ కాటాని ప్లీడరమ్మ మేడ మెట్ల కింద పెట్టుకుంది. సైకిలు షాపు ఆయన ఆ జాగా చూసీచూడనట్టు వదిలేశాడు. ముందుగా చేసిన పని మాత్రం కాటాకి నూనె వెయ్యడం కాదు. మేడెక్కి ప్లీడరమ్మ ఎదురుగా కూర్చుంది. సాక్షిగా బోల్టు బాబాయ్‌ని పట్టుకొచ్చింది. టీ కొట్టు ఆయన మొదట రానన్నాడు. అమ్మడి చెయ్యి పట్టుకుని, వెచ్చగా ఉందని చూసుకున్నాకే వచ్చాడు.

"ఉన్నది ఒక్క కాటా," అన్నాడు బోల్టు బాబాయ్. "దానికి విల్లేంటే? వయసేంటే నీకు?"

"ఉన్నంతకి రాస్తాను బాబాయ్. నా తర్వాత నన్నెవరూ మొయ్యకూడదు."

"మరి కాటా ఎవరికి?"

"నీకు కాదు. నీకు వస్తే నువ్వు సాక్షిగా ఉండకూడదట. రా, చూస్తూ నిలబడు."

ప్లీడరమ్మ కాగితం ముందుకి జరిపింది. అమ్మడు కలం తీసుకుని, తన పేరు పొడుగాటి తోకతో, చాలా గట్టిగా రాసింది. ఎంత గట్టిగా అంటే, ఆ కాగితం తీశాక కింద ఉన్న తెల్లకాగితం మీద కూడా ఆ తోక నొక్కుకుపోయి కనబడింది. బోల్టు బాబాయ్ ఆ నొక్కు మీద వేలు పెట్టి తడిమి చూశాడు. తర్వాత తన సంతకం పెట్టాడు.